మడుగులో గేదె బేరము

మడుగులో నున్న గేదెకు బేర మాడవద్దని మన పెద్దలు చెప్పుదురు. నీటిపైకి కొమ్ములును ముట్టెయు మాత్రమే కనబడును. పొదు గెట్టిదో, కాలు కుంటిదో, ఈత లెన్ని యైనవో ఒడ్డున నిలిచినవానికి తెలియదు. అమ్మువాడు కొమ్ముల వంపును పొగడుచునే యుండును. సంతలో నాలుగు కాళ్ళమీద నిలిచియున్న యెద్దును సైతము పండ్లు పట్టి చూచి, సుడులు వెదకి, పది యడుగులు నడిపించి కాని రొక్కము విప్పని రైతు, స్మార్టుఫోను కొనునపుడు మాత్రము మడుగు బేరమే చేయుచున్నాడు. పట్టణవాసి యంతకంటె తెలివిగలవాడని మేమనము. అతడు మడుగు చుట్టును మూగిన గుంపులో ముందు వరుసయందున్నాడు, అంతియే భేదము.

ఈ వ్యాపారమున నొక క్రొత్త మర్యాద యేర్పడినది. వస్తువు అంగడికి వచ్చుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు ముందుగనే దానికి జన్మోత్సవము జరుగును. సభ, దీపములు, కరతాళధ్వనులు, మరునాడు పత్రికలలో బొమ్మలు. ఆనాడు చెప్పబడునవన్నియు వస్తువు శక్తులే. పరిమితులను గూర్చి యొక్క మాటయు నుండదు. అట్టిచో వాటిని ముందుగ నూహించి ప్రశ్నించువారిని ఓర్వలేనివారనియు, కంటితో చూడకుండ తప్పు లెన్నువారనియు నిందించుట పరిపాటి యైనది. మా యభిప్రాయ మందుకు విరుద్ధము. చెప్పినదానినిబట్టి చెప్పనిదాని నూహించుట కొనువాని హక్కు. ఆ వస్తువు బీదల పేరను, దేశము పేరను ప్రకటింపబడినపుడు అది పత్రికల విధియు నగును. 2021లో మన దేశముననే జరిగిన యొక యుదంతము దీనికి మంచి నిదర్శనము.

ఆ సంవత్సరము జూన్ 24వ తేదీన రిలయన్సు ఇండస్ట్రీసు వాటాదారుల 44వ వార్షిక సమావేశమున ముఖేష్ అంబానీగారు జియోఫోన్ నెక్స్ట్ అను స్మార్టుఫోనును ప్రకటించిరి. అమెరికాలోని గూగుల్ కంపెనీతో గూడి దానిని సిద్ధపఱచుచున్నామనియు, వినాయకచవితినాటికి, అనగా సెప్టెంబరు 10వ తేదీకి, అంగళ్ళలో నుండుననియు చెప్పిరి. దేశమున సుమారు 30 కోట్లమంది యింకను 2జి ఫోనులనే పట్టుకొని యున్నారనియు, సామాన్యమైన 4జి ఫోను సైతము కొను శక్తి లేకపోవుటయే యందుకు కారణమనియు, ఈ ఫోను ప్రపంచమునందే మిక్కిలి చౌకయైనది కాగలదనియు వారి ప్రసంగ సారాంశము. ఉద్దేశము మంచిది. 2016లో జియో కంపెనీ రంగప్రవేశము చేసిన పిమ్మట ఈ దేశమున డేటా వెల యెట్లు పడిపోయెనో యెఱిగినవా రెవ్వరును ఆ మాటను వట్టి గొప్పగా కొట్టివేయలేదు. కాని యెంత చౌక? వెల చెప్పలేదు. తెర యెంతటిదో, లోపలి చిప్పు ఎట్టిదో, బ్యాటరీ యెన్ని గంటలు నిలుచునో చెప్పలేదు. చౌకయే ప్రధానగుణముగా చాటబడిన వస్తువునకు వెల చెప్పకుండుట పెండ్లి శుభలేఖలో ముహూర్తము వ్రాయకుండుట వంటిది.

అంతట ఊహలు బయలుదేరినవి. ప్రోగ్రాములు వ్రాయుట యెఱిగినవారు, ఆ ఫోను కొఱకు సిద్ధమగుచున్న ప్రోగ్రాములలోని జాడలను పట్టి, ఆగస్టు మాసమునకే కొన్ని సంగతులు వెలికి దీసిరి. చిప్పు 2019లో క్వాల్‌కామ్ కంపెనీ ప్రకటించిన 215 అను చిన్నరకము. ఆండ్రాయిడ్ ప్రోగ్రాము తక్కువ శక్తి గల ఫోనుల కొఱకు గూగుల్ కుదించిన 'గో' రకము. ఈ ఊహ లించుమించుగ నన్నియు నిజమైనవి. అక్టోబరు చివర వెల్లడియైన వివరములలో తెర 5.45 అంగుళములు, ర్యామ్ 2 గిగాబైట్లు, నిలువచోటు 32 గిగాబైట్లు, బ్యాటరీ 3,500 మిల్లీ ఆంపియర్ గంటలు.

ఈ 2 గిగాబైట్లన్న యంకె యెదుట కొంచెము సేపు నిలువవలెను. ఏలన, సామాన్యుని నిత్యానుభవ మంతయు దానిమీదనే యాధారపడి యుండును. నిలువచోటు కచ్చేరీలోని బీరువా వంటిది. ర్యామ్ గుమాస్తా బల్ల వంటిది. బీరువాలో నెన్ని దస్త్రము లున్నను, బల్ల యిరుకైనచో నొక కాగితము మడిచిపెట్టనిదే మఱియొకటి పఱచుటకు వీలుండదు. డబ్బు పంపుటకై బ్యాంకు ప్రోగ్రామును తెఱచిన మనుష్యుడు, సందేశములో వచ్చిన రహస్యసంఖ్య చూచుటకు పక్కకు పోయి తిరిగి వచ్చునప్పటికి, బ్యాంకు ప్రోగ్రాము మూతపడి మొదటినుండి మొదలిడవలసి వచ్చును. సంఖ్యకు గడువు తీరును. ఇట్లు రెండుమాఱు లైనచో ఆతడు ఫోనును నిందింపడు. తనకు చదువు చాలదని తన్ను తాను నిందించుకొనును. పక్కింటి కుఱ్ఱవానిని పిలిచి తన రహస్యసంఖ్య నాతని చేతిలో పెట్టును. యంత్రము నిరుకుతన మీ విధముగ మనుష్యుని యజ్ఞానముగ చెలామణి యగుచున్నది. విడుదలకు ముందు ఈ లోపము నెత్తి చూపినవారు ఎవని శత్రువులును కారు. తెరపైని వ్రాతను చదివి వినిపించు ఏర్పాటును, పది భారతీయ భాషలలోనికి మార్చి చూపు ఏర్పాటును ఆ ఫోనులో నుండెను. అవి మెచ్చదగినవే. కాని చదువ నేర్వనివానికి చదివి వినిపించు నేర్పు గల యంత్రమునకు బల్ల మఱికొంత వెడల్పుగ నుండవలసినది గదా!

ఊహించువారు ఎల్లప్పుడును సరిగనే యూహింతురని మేము చెప్పుట లేదు. 2007 జనవరి 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున యాపిల్ కంపెనీ తన మొదటి ఐఫోనును ప్రకటించెను. అది జూన్ 29వ తేదీకి గాని అమ్మకమునకు రాలేదు. నడిమి యయిదున్నర నెలలలో దాని లోపముల పట్టిక పెరుగుచునే పోయెను. అక్షరములు నొక్కుటకు మీటలు లేవు. అప్పటికే ఇతర ఫోనులలో నున్న 3జి లేదు. బ్యాటరీని కొన్నవాడు మార్చుకొనరాదు. ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములను వేసికొనరాదు. 499 లేక 599 డాలర్ల వెల చెల్లించియు, ఒక్క ఎటి అండ్ టి కంపెనీకే రెండేండ్ల యొడంబడిక వ్రాసి యీయవలెను. మైక్రోసాఫ్ట్ కంపెనీ యధిపతి స్టీవ్ బామర్‌గారు ఆ వెలను జూచియు, మీటలు లేకుండుట జూచియు బహిరంగముగ నవ్విరి. ఆ నవ్వు తరువాత వారికే యప్రతిష్ఠ తెచ్చినదని అందఱును చెప్పుకొందురు.

అయితే ఆ పట్టికను నేడు మరల చదువవలెను. మీటల ఫిర్యాదు మాసిపోయినది. 3జి మరుసటి సంవత్సరము జూలైలో వచ్చెను. ఇతరుల ప్రోగ్రాములకు కంపెనీవారి యంగడి యప్పుడే తెఱవబడెను. వెలలో 200 డాలర్లు సెప్టెంబరులోనే తగ్గింపబడెను. మిగిలినవేవి? మూసివేసిన బ్యాటరీ మిగిలినది. తాను కొన్న యంత్రములో నేది యుండవలెనో నిర్ణయించు నధికారము కంపెనీ చేతిలోనే యుండుట మిగిలినది. మిగులుటయే కాదు, మొదటిది లోక మంతటను వ్యాపించినది. నవ్వినవారి వర్గమును దానినే యనుసరించినది. యంత్రమునందలి కొఱతలను కాలము పూరించును. ఒడంబడికయందలి కొఱతలు మాత్రము అంటువ్యాధివలె ప్రాకును. కనుక విడుదలకు ముందు మన దృష్టి రెండవ రకముపైనే యెక్కువగ నుండవలెను.

మన యుదంతమునకు మరలుదము. సెప్టెంబరు 10వ తేదీ వచ్చినది, ఫోను రాలేదు. ప్రపంచమున చిప్పుల కఱవు గలదనియు, పరీక్షలు జరుగుచున్నవనియు, దీపావళికి వచ్చుననియు చెప్పిరి. కఱవు నిజమే, ఆ సంవత్సరము కార్ల కర్మాగారములు సైతము దానిచేత కుంటుపడినవి. అక్టోబరు 29వ తేదీన వెల తెలిసినది: 6,499 రూపాయలు. మూడువేల అయిదువందలకు దగ్గఱగా నుండుననియు, అయిదువేలకు లోపుగ నుండుననియు ఊహించినవారు తెల్లబోయిరి. ఇంతటి యంకెను ప్రకటనదినమున చెప్పియున్నచో ఆ కరతాళధ్వనులు అంత యుచ్చస్వరమున మ్రోగియుండెడివా?

వాయిదాల పద్ధతియు నుండెను. మొదట 1,999 రూపాయలు, దస్తావేజు ఖర్చుల క్రింద 501 రూపాయలు, పిమ్మట నెలనెల కంతులు. కంతులలో తక్కువది నెలకు 300 చొప్పున 24 నెలలు. మొత్తము 9,700 రూపాయలు. ఇందు మాటలకును డేటాకును చెల్లు రుసుము చేరియున్నది గనుక దీని నంతటిని ఫోను వెల యనుట న్యాయము కాదు. కాని ఆ రుసుమునకు లభించునదేమి? నెలకు 5 గిగాబైట్ల డేటా, 100 నిమిషముల మాటలు. దినమునకు మూడు నిమిషములకు మించి యించుక. హైదరాబాదులో తాపీపని చేయుచు శ్రీకాకుళములోని భార్యాబిడ్డలతో మాటలాడు వలసకూలికి మూడు నిమిషములలో క్షేమసమాచార మడుగుట యైన ముగియునా? ఇదిగాక, రెండు సిమ్ములకు చోటున్నను డేటా జియో సిమ్ముమీదనే నడుచునట్లు ఫోను కట్టుదిట్టము చేయబడెను.

ఇంతవఱకు చెప్పినది వెల విషయము. దీనికంటె గురుతరమైనది విడుదలకు ముందు దాదా పెవ్వరును ఊహింపనిది. కంతు చెల్లనిచో దూరమునుండియే ఫోనును బిగించివేయు తాళపు ప్రోగ్రాము అందు ముందుగనే అమర్పబడి యుండెను. తెరను గూర్చియు, కెమెరాను గూర్చియు నాలుగునెలలు తర్కించిన పండితులు తాళమును గూర్చి యడుగలేదు. కొమ్ముల వంపు కొలిచినవారు మెడకు గల పలుపు ఎవరి చేతిలో నున్నదో చూడలేదు.

తాకట్టు మన దేశమునకు క్రొత్త గాదు. నగ తాకట్టు పెట్టినచో నగ షావుకారు పెట్టెలో నుండును. రైతు రొక్కము తీసికొని తన పనికి తాను పోవును. ప్రామిసరీ నోటుపై నప్పు చేసినవాడు చెల్లింపకపోయినచో షావుకారు దావా వేసి, డిక్రీ పొంది, అమీనాను వెంటబెట్టుకొని రావలెను. అప్పుడు సైతము అన్నింటిని పట్టుకొని పోవుటకు వీలులేదు. 1908లో పరప్రభుత్వము చేసిన సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను, వ్యవసాయదారుని సేద్యపు పనిముట్లను, జీవనమునకు కావలసిన పశువులను, విత్తనపు ధాన్యమును జప్తు చేయరాదని శాసించినది. చేతిపనివాని పనిముట్లను గూడ వదలవలెనని యందే యున్నది. ప్రజల క్షేమమును గూర్చి యంతగా నిద్ర మానుకొనని ప్రభుత్వము సైతము, నాగలి తీసికొన్నచో నప్పు తీర్చు మార్గమే పోవునని గ్రహించినది.

నేడు ఫోను నాగలిలో నొక భాగమైనది. పి.ఎం. కిసాన్ సొమ్ము కొఱకు చేయవలసిన ధ్రువీకరణము దానిమీద. ధాన్యము అమ్మిన డబ్బు పడినట్లు తెలియుట దానివలన. కూరగాయల బండివాడు, ఆటోవాడు దినభృతి పుచ్చుకొనునది దానితోనే. అట్టి పనిముట్టును డిక్రీ లేక, అమీనా లేక, ఆకాశమార్గమున నొక్క క్షణములో నిరుపయోగము చేయు నధికారము ఋణదాత చేతికి వచ్చినది. వాయిదా తీరువఱకు సొత్తు ఋణదాతదే యనియు, జప్తు చట్టమున కిది లోబడదనియు న్యాయవాదులు వాదింపవచ్చును. వారి వాదములో బలముండవచ్చును. మే మడుగుచున్నది చట్టపు సంఖ్య కాదు, అందలి న్యాయబుద్ధి. తాళము లేనిదే బీదవానికి అప్పు పుట్టదను మాటయు మేము వినకపోలేదు. అందు కొంత నిజము గలదు. అట్లయినచో ఆ తాళమును ప్రకటనదినముననే సభలో చూపవలసినది.

నాలుగేండ్ల ముందు జరిగినదానిని జ్ఞాపకముంచుకొన్నచో ఈ ప్రశ్న ముందుగనే తట్టియుండెడిది. 2017 జూలై 21వ తేదీన అదే వేదికనుండి మొదటి జియోఫోను ప్రకటింపబడెను. 1,500 రూపాయలు ధరావతు, మూడేండ్లకు తిరిగి యిత్తుమనిరి. సెప్టెంబరులో నిబంధనల కాగితము వెలువడినపుడు, ఏటేట 1,500 రూపాయలకు తక్కువ గాకుండ రీఛార్జి చేయవలెనను షరతు అందు కనబడెను. వాట్సాప్ అందు లేదని అప్పుడే పలువు రెత్తి చూపిరి. అది 2018 సెప్టెంబరులో గాని రాలేదు.

స్వదేశి యను మాటను గూర్చి రెండు ముక్కలు. జియోఫోన్ నెక్స్ట్ భారతీయుల కొఱకు భారతదేశమున చేయబడినదని చాటబడెను. దానిని కూర్చిన కర్మాగారములలో నొకటి మన తిరుపతిలో నుండెను. రెండవది తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో. మన బిడ్డలకు పని దొరకుట సంతోషమే. కాని హృదయము వంటి చిప్పు క్వాల్‌కామ్‌ది. బుద్ధి వంటి ప్రోగ్రాము గూగుల్‌ది. దానికి 'ప్రగతి' యని సంస్కృతనామము పెట్టినంత మాత్రమున గోత్రము మాఱదు. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు, దాచవలసినదియు లేదు. ఖద్దరుమూట భుజాన వేసికొని యూరూర తిరిగిన కాలమున, ఈ గుడ్డ ముతకది, మిల్లు గుడ్డకంటె ప్రియము, తడిసిన బరువెక్కును అని చెప్పియే అమ్మెడివారు. లోపము తెలిసియు కొనుటలోనే ఆ వ్రతమునకు గౌరవము కలిగినది. స్వదేశి పేరు చెప్పి లోపములు చెప్పకుండుట ఆ పేరును అరువు దెచ్చుకొనుటయే. అట్టి వస్తువును ప్రశ్నించినవానిని దేశాభిమానము లేనివాడనుట మఱియు వింత.

ఫలితమేమో కంపెనీవారి యంకెలే చెప్పినవి. 2022లో పాత 4జి ఫోను నిచ్చినవారికి 4,499 రూపాయలకే యిత్తుమనిరి. 2023 జూలైలో 999 రూపాయల జియో భారత్ అను మీటల ఫోనును తెచ్చిరి. అప్పుడు చేసిన ప్రకటనలో 2జి యుగమున చిక్కుకొనియున్నవారు 25 కోట్లని కంపెనీయే చెప్పెను. 2021లో 30 కోట్లు, 2023లో 25 కోట్లు. రెండేండ్లలో దేశములోని ఫోను కంపెనీలన్నియు గలిసి తగ్గించినది అంతే యనుకొన్నను, ఏ బీదల కొఱకు తెర ఫోను పుట్టినదో ఆ బీదలకు మరల మీటల ఫోనే యీయవలసి వచ్చినది. ఈ రెండవ ఫోనుకు మొదటిరోజుననే వెల చెప్పిరి. అందుకు వారిని మెచ్చుకొనవలెను.

ఇతర దేశములు ఈ బేరమును మడుగునుండి ఒడ్డుకు లాగుచున్నవి. 2024 ఏప్రిల్ 29 నుండి బ్రిటనులో, ఫోను భద్రతకు కావలసిన మార్పులను కనీస మెంతకాలము పంపుదురో అమ్ముటకు ముందే ప్రకటించి తీరవలెను. 2025 జూన్ 20 నుండి యూరపు సమాఖ్యలో, ఒక రకము అమ్మకము నిలిచిన తరువాత సైతము అయిదేండ్లు ప్రోగ్రాము మార్పు లీయవలెను. ఏడేండ్లు విడిభాగములు దొరకవలెను. 800 సార్లు చార్జి చేసినను బ్యాటరీ తన శక్తిలో నూటికి 80 వంతులు నిలుపుకొనవలెను. మన దేశమున, ఫోనును బాగుచేయుట యెంత సులభమో తెలుపు గుర్తును ముద్రింపవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ నియమించిన సంఘము 2025 మే నెలలో నివేదిక సమర్పించినది. సిఫారసు మంచిది. కాని దానిలోనికి ఒడంబడిక విషయములును చేరవలెను. వెల, భద్రత మార్పుల గడువు, ఏ కంపెనీ సిమ్ము నడుచునో నడువదో, లోపల తాళమున్నదో లేదో, ఈ నాలుగింటిని ప్రకటనదినముననే తెలుపనివారు ముందస్తు పేర్ల నమోదు చేసికొనరాదని నిబంధించుటకు ప్రభుత్వమునకు కష్టమేమి?

తాళము మాట యింతటితో ముగియలేదు. అప్పుపై కొన్న ఫోనులను దూరమునుండి బిగించు నధికారము ఋణదాతల కీయవచ్చునా యను ప్రశ్న తమ పరిశీలనలో నున్నదని 2025 అక్టోబరులో రిజర్వుబ్యాంకు గవర్నరు చెప్పియున్నారు. వారి యెదుట మా విన్నపమిది. తాళము వేయక తప్పదందురేని, వేయుటకు కనీసము పదునైదు దినముల ముందు ఋణస్థునకు తెలుగు చదువువానికి తెలుగుననే, చదువ రానివానికి మాటతోను నోటీసు చేరవలెను. తాళము వేసిన తరువాతను వైద్యమునకు, పోలీసులకు, ఇంటివారికి చేయు పిలుపులు ఆగరాదు; వచ్చిన డబ్బు చూచుకొనుటయు, కంతు చెల్లించుటయు ఆ ఫోనుమీదనే జరుగవలెను. చెల్లించిన గంటలో తాళము వీడవలెను. వీడనిచో ఆలస్యమైన ప్రతిదినమునకును ఋణదాత పరిహార మిచ్చుకొనవలెను.